డ్రాయింగు అయ్యవారి గోడలు

మునిరామయ్య అయ్యవారికి ఉన్న పిచ్చి ఒక్కటే. గీత గీస్తే అది గోడ. గోడలాంటిది కాదు, గోడకు గుర్తు కాదు, గోడే. సుద్దతో గీసినా, పెన్సిలుతో గీసినా, ఎండుపుల్లతో నేల మీద గీకినా సరే, ఆ గీత పుట్టిన క్షణం నుంచి దాన్ని దాటడానికి వీల్లేదు. చుట్టు తిరిగి, వాకిలి ఎక్కడ పెట్టారో చూసుకుని, అందులోంచే లోపలికి పోవాలి. మిగతా అన్ని విషయాల్లోనూ ఆయన తిరుపతిలో ఉన్న పెద్దమనుషులందరిలాగే ఉండేవాడు. తెల్ల పంచె, మెడదాకా గుండీలు పెట్టిన కోటు, తలకు రుమాలు, పూటకొక గ్లాసు కాఫీ.

ఒకసారి భార్య యశోదమ్మకు కొత్త వంటిల్లు ఎలా ఉంటే బాగుంటుందో చూపిద్దామని పడసాల నేల మీద సుద్దతో నాలుగు వైపులా గీశాడు. పొయ్యి ఇక్కడ, పొగగూడు ఇక్కడ, నీళ్ళ తొట్టి ఇక్కడ అని అన్నీ చెప్పాక గమనించాడు, ఆ వంటింటికి వాకిలి పెట్టలేదు, తాను లోపలే ఉన్నాడు. అలాగే నిలబడిపోయాడు. యశోదమ్మ కాసేపు చూసి, ఇక లాభం లేదని తడిగుడ్డ తెచ్చి మనిషి పట్టేంత మేర గీత తుడిచింది. అయ్యవారు తల కాస్త వంచుకుని బయటికి వచ్చి, “వాకిలైతే పెట్టినావు గానీ తలుపు లేదే. రాత్రికి కుక్కలు దూరతాయి” అన్నాడు. ఆవిడ అదే గుడ్డతో మిగతా వంటిల్లు కూడా తుడిచేసింది.

ఈ పిచ్చి ఎక్కడిదంటే ఊళ్ళో తలా ఒక మాట చెప్పేవాళ్ళు. కుర్రతనంలో కార్వేటినగరం సంస్థానంలో నక్షాలు గీసే పనిలో ఉండేవాడనీ, అక్కడ రాజావారి కొత్త మేడ నక్షా మీద కాఫీ గ్లాసు పెట్టి చీవాట్లు తిన్నాడనీ కొందరు. పట్నంలో డ్రాయింగు పరీక్షలు రాసేటప్పుడు మెదడుకు వేడి చేసిందని మరికొందరు. పెళ్ళినాడు పీటల ముందు ముగ్గు తొక్కకుండా పందిరంతా చుట్టు తిరిగి వచ్చినప్పుడే తనకు తెలిసిపోయిందని యశోదమ్మ చెప్పేది. ఏమైతేనేం, ఇళ్ళూ భవనాలూ రూపు కట్టే చదువుకు పోదామనుకున్న కుర్రాళ్ళకు చెయ్యి తిరిగేట్టు చేసే మనిషి అప్పట్లో ఆ ఊళ్ళో ఆయనొక్కడే. పట్నంలో ఆ చదువుకు సీటు ఇవ్వబోయే ముందు బొమ్మ గీయించి చూసేవాళ్ళు. అందుకు తయారు కావాలంటే మునిరామయ్య గోడల మధ్యకు రావలసిందే.

అలా వచ్చినవాడు ధనంజయ. వడమాలపేట దగ్గర చెరకు మడులూ మామిడి తోటలూ ఉన్న ఏకాంబరం నాయుడి ఒక్కగానొక్క కొడుకు. నలభై ఆరో సంవత్సరం అది, యుద్ధం అయితే ముగిసింది గానీ బజార్లో కాగితం ఇంకా దొరకడం లేదు. నాయుడు కొడుక్కి ఒక్కటే మాట చెప్పాడు. జూన్‌లో పరీక్ష, సీటు వస్తే పట్నం, రాకపోతే చిత్తూరులో మేనమామ బెల్లం మండీ. ధనంజయకు బెల్లం వాసన తగిలితే తలనొప్పి. అదొక్కటే అయితే జండూబామ్ రాసుకుని బతికేవాడు. వాడికి ఇళ్ళంటే ప్రాణం. ఏ ఊరికి పోయినా చుట్టాలను పలకరించే ముందు వాళ్ళ మిద్దెను ఒక చుట్టు చూసి వచ్చేవాడు. మండీలో గల్లాపెట్టె వెనక కూర్చుని ముసలివాడినైపోతానేమోనన్న భయం వాడికి కూడు సయించనిచ్చేది కాదు.

అప్పట్లో క్లాసు చంద్రకాంతమ్మ అనే ఆవిడ మిద్దె మీద అద్దె గదిలో జరిగేది. మొదటి రోజే ధనంజయ కాగితం మీద చెయ్యి ఆనించుకుని ఇంటి నక్షా గీస్తూ ఉంటే, అయ్యవారు వచ్చి చాలాసేపు చూసి, “నీ మోచెయ్యి గోడలో ఉండాది” అన్నాడు. ధనంజయ చెయ్యి తీశాడు. పెన్సిలు ఎత్తి గది మధ్యలో మంచం గీయబోయాడు. అయ్యవారు పెన్సిలు పట్టుకున్నాడు. పెన్సిలు ఆకాశం నుంచి దిగకూడదట. వీధిలో బయలుదేరి, తిన్నె ఎక్కి, వాకిట్లోంచి పడసాలలోకి, పడసాలలోంచి ఆ గదిలోకి నడిచి వెళ్ళాలి. అప్పుడు మంచం వేసుకోవచ్చు. ధనంజయ పెన్సిలును అలాగే నడిపించుకుంటూ పోయాడు. మంచం పడింది. ఆ తర్వాత దేవుడి గదికి పోబోతే దారి లేదు. నాలుగు గోడలూ బిగించేసి ఉన్నాయి.

“దేవుడు యాడినుంచి లోపలికి పొయినాడు?” అన్నాడు అయ్యవారు.

పక్కన కూర్చున్న శ్రీనివాసులుకు నోరు ఊరుకోదు. దేవుడు అంతటా ఉంటాడు గదా, ఆయనకు వాకిలెందుకని అడిగాడు.

“దేవుడు సరే. హారతి తెచ్చే మీ యమ్మో?”

ధనంజయ దేవుడి గదికి వాకిలి పెట్టాడు. ఇంటికి పోయేటప్పుడు మాత్రం ఈ లెక్కన జూన్‌లోపు తనకు పట్నం కాదు, పిచ్చాసుపత్రి ఖాయమనుకున్నాడు.

శివరాత్రి వెళ్ళిన వారం శాంతయ్య చేరాడు. మిషను ఆస్పత్రి వెనక పేటవాడు, కిరస్తానీ. వాళ్ళమ్మ తాయమ్మ ఆ ఆస్పత్రిలోనే వార్డులు ఊడ్చేది. మిషను బడిలో స్కూలు ఫైనలు ప్యాసయ్యాడు, పాదిరిగారు మంచి మాట చెప్పి పంపాడు. నిక్కరు వేసుకుని, నూనె రాసి తల దువ్వుకుని వచ్చి చాప చివర కూర్చున్నాడు. వాడు గీసిన మొదటి ఇంటికి ఒక్క కిటికీ కూడా లేదు. లోపలున్నవాళ్ళకు ఊపిరి ఎలా ఆడుతుందని అయ్యవారు అడిగితే, “వాకిలి తెరిసి పెట్టుకుంటాం అయివారూ, మా ఇంట్లో అంతే గదా” అన్నాడు. అయ్యవారు ఇంకొకటి గీయమన్నాడు. శాంతయ్య రెండో ఇల్లు గీశాడు. దానికీ కిటికీ లేదు. కిటికీ మరిచిపోవడంలో వాడికి వాడే సాటి అని మిగతావాళ్ళు ఆ పూటే తీర్మానించారు.

ఆ సాయంత్రం ఇల్లుగల చంద్రకాంతమ్మ అయ్యవారిని దొడ్డివైపు పిలిచి, గొంతు తగ్గించి కాసేపు మాట్లాడింది. పైనుంచి కుర్రాళ్ళు చూశారు గానీ మాటలు వినపడలేదు. ఆయన తల ఊపుతూ విన్నాడు, మెట్లెక్కి వచ్చి క్లాసు ముగించాడు. మరుసటి రోజు పొద్దున అందరినీ చాపలూ బల్లలూ ఎత్తమన్నాడు. ఈ గదిలో గాలి లేదు, మెట్లు కిర్రుమంటున్నాయి, యుద్ధం కాగితం మీద పెన్సిలు పెడితే చిరుగుతోంది, అసలు ఇల్లన్నది ఇంటి సైజులోనే నేర్చుకోవాలి. ఇవీ ఆయన చెప్పిన కారణాలు. నిన్నటిదాకా ఆ గదిలో గాలి బాగానే ఉండేది. పిచ్చి ముదిరిందని అయిదుగురూ మొహాలు చూసుకుని, చాపలు చంకన పెట్టుకుని ఆయన వెనక స్వర్ణముఖి ఏట్లోకి దిగారు.

వేసవిలో ఏరంటే పేరుకే. ఒక పక్కన పిక్కలు తడిసేంత నీళ్ళు, మిగతాదంతా ఇసక. తడి ఆరని చోటు చూసి అయ్యవారు పెద్ద కర్ర పుచ్చుకుని బడి కట్టాడు. అంటే గీశాడు. ఒకటే పెద్ద హాలు, తూర్పున ఒకటే వాకిలి. అందరూ అందులోంచే రావాలి, అందులోంచే పోవాలి. గోడ తొక్కినవాడు ఆ వైపు గోడంతా మళ్ళీ కట్టాలి. రాత్రి గాలికి గోడలన్నీ పూడిపోయేవి కాబట్టి ఎవడూ తొక్కకపోయినా తెల్లవారి వచ్చి అన్నీ కట్టుకోవడమే. స్కేలు లేదు, దారం లేదు. కర్ర ఈడుస్తూ వెనక్కు నడవాలి, కళ్ళు మాత్రం ఎదర ఉన్న తాటిచెట్టు మీద ఉండాలి. మొదట్లో ధనంజయ కట్టిన గోడ నడిచి నడిచి నీళ్ళలోకి పోయింది. ఉగాది వచ్చేసరికి అదే గోడ గురిపెట్టి కొట్టినట్టు వచ్చేది. అది తన చెయ్యి కుదరడం వల్లనని వాడికి తోచలేదు, ఇసక మెత్తబడిందనుకున్నాడు.

ఏటి అవతల ఊరి నాగులమ్మకు ఒక గేదె, వాళ్ళ మాటలో ఎనుము, ఉండేది. అది రోజూ నీళ్ళకు పోయే దారిలోనే బడి వెలిసింది. ఒకరోజు అది దక్షిణం గోడలోంచి నేరుగా వచ్చి హాలు నడిమధ్య పడుకుంది. అయ్యవారు చేతులు కట్టుకుని నాగులమ్మ వచ్చేదాకా కాచుకుని, నీ ఎనుము మా గోడ పడగొట్టిందని ఫిర్యాదు చేశాడు.

“గోడ యాడుండాది సామీ?” అంది నాగులమ్మ.

“ఇప్పుడు లేదు. అందుకే సెప్తా ఉండా.”

ఆవిడ ఎనుమును లేపబోయింది. ఎనుమును తోలుకుపోతానంటే తోలుకుపో, కానీ వాకిట్లోంచి తోలు అన్నాడు. ఎనుము తూర్పు తిరగనంది. ఇద్దరు ముందు నుంచి లాగితే ముగ్గురు వెనక నుంచి తోశారు. చివరికి అది వాకిట్లోంచి బయటికి పోతూ పోతూ పెట్టవలసిన కళ్ళాపి కూడా పెట్టి పోయింది. అప్పటినుంచి నాగులమ్మ ఎనుమును బడి చుట్టూ తిప్పి తోలేది. వెనక వచ్చేవాళ్ళకు కూడా, ఆడ అయివారి మిద్దె ఉండాది, సుట్టు తిరిగి పోండప్పా అని చెప్పేది. ఆమె చెప్పిందని గుడ్డల మూటలవాళ్ళూ గడ్డి మోపులవాళ్ళూ చుట్టు తిరగడం మొదలుపెట్టారు. కొన్నాళ్ళకు ఏట్లో లేని ఇంటి చుట్టూ నిజమైన దారి పడింది.

ఎనుమును కూడా అయ్యవారు ఊరికే వదల్లేదు. దాన్ని చూస్తూ పలకల మీద వెన్ను గీత గీయమనేవాడు. ఎనుము వెన్ను కుదిరినవాడికి ఏ కమానైనా కుదురుతుందని ఆయన నమ్మకం. ఒకరోజు రైలుస్టేషను కట్టేవాళ్ళు, ఒకరోజు పోస్టాఫీసు, ఒకరోజు సత్రం. కట్టి ఊరుకోవడం కాదు. అందులో కాపురం చెయ్యాలి. పోస్టాఫీసైతే ఒకడు లోపల కూర్చుని కార్డులు అమ్మాలి, మిగతావాళ్ళు వరసలో నిలబడాలి, నిలబడిన చోటు నుంచి ఏం కనపడుతుందో పలక మీద గీయాలి. శాంతయ్య కార్డులమ్మే గదికి కిటికీ పెట్టడం మరిచిపోయి, లోపల ఒక్కడే కూర్చున్నాడు. పొద్దెక్కినా వాడి దగ్గర ఒక్క కార్డు కూడా అమ్ముడుపోలేదు.

ఇదంతా బాగానే ఉంది. మే నెల వచ్చింది, పట్నంలో పరీక్ష కాగితం మీద పెడతారు, ధనంజయ కాగితం ముట్టి రెండు నెలలు దాటింది. అయ్యవారిని అడిగితే కాగితం యాడికి పోతుంది, అది చదునుగానే ఉంటుంది అన్నాడు. ఇక తట్టుకోలేక ఒక ఆదివారం వడమాలపేట పోయి తండ్రి దగ్గర గోడు వెళ్ళబోసుకున్నాడు. తెల్లవారి ఏకాంబరం నాయుడు జట్కా కట్టించుకుని వచ్చాడు. కొత్త కిర్రుచెప్పుల్లోకి ఇసక పోతుందని ఏట్లోకి దిగకుండా గట్టు మీదే నిలబడి చూశాడు. తన ఒక్కగానొక్క కొడుకు ఇసకలో వెల్లకిలా పడుకుని ఉన్నాడు. ఇంకో కుర్రాడు వాడి నాడి చూస్తున్నాడు.

ఏమైందిరా అని గట్టు మీదనుంచే కేకేశాడు నాయుడు.

“జ్వరం నాయనా” అన్నాడు ధనంజయ లేవకుండా.

ఆ రోజు పాఠం ఆస్పత్రి. అయ్యవారు గట్టు కిందికి వచ్చి, కంగారు పడొద్దని నాయుడికి విడమరిచి చెప్పాడు. మీవాడు వార్డుకు కిటికీ పడమట పెట్టినాడు, సాయంత్రం ఎండ నేరుగా మంచం మీద పడుతోంది, అందుకే జ్వరం దిగడం లేదు, రేపు ఉత్తరానికి మార్పిస్తానన్నాడు. నాయుడు ఆయన మొహం వైపు చాలాసేపు చూశాడు. నవ్వు ఎక్కడైనా దాగి ఉందేమోనని వెతికాడు. లేదు.

నాయుడు చెడ్డవాడు కాదు. కొడుకు మేలు కోరినవాడు, చేతిలో పలుకుబడి ఉన్నవాడు. తిరుపతి బజారు వీధిలో ఆయనకు సొంత మిద్దె ఉంది, పైన చుట్టాల కాపురం, ధనంజయ ఉండేదీ అక్కడే. కింద పెద్ద హాలు ఖాళీ. పది రోజుల్లో అందులో ఏటవాలు బల్లలు చేయించాడు, పట్నం నుంచి డ్రాయింగు పలకలు తెప్పించాడు, ఎవరిని పట్టుకున్నాడో ఏమో, ఎక్కడా దొరకని దళసరి కాగితం కట్టలు కట్టలు దించాడు. అయ్యవారింటికి పోయి, పండ్లూ తాంబూలం పళ్ళెంలో పెట్టి, బడి మా ఇంట్లో పెట్టుకోండి అని గౌరవంగా పిలిచాడు. యశోదమ్మకు ప్రాణం లేచి వచ్చింది. ఆయన కోటు ఉతికితే బక్కెట్టు అడుగున శేరు ఇసక తేలుతోందని ఆవిడ బాధ. అయ్యవారు వస్తానన్నాడు. ధనంజయకు ఆ రాత్రి చాన్నాళ్ళకు కంటినిండా నిద్ర పట్టింది.

మరుసటి రోజు పొద్దున అందరూ మిద్దె ముందుకు చేరారు. అయ్యవారు చెప్పులు విడిచి లోపలికి వచ్చి బల్లల మీద చెయ్యి వేసి నిమిరాడు. కాగితం ఎత్తి వెలుతురుకు పట్టి చూశాడు. ఆయన కళ్ళు చంటిబిడ్డను చూసినట్టు చూశాయి. అప్పుడు నాయుడు పక్కకు వచ్చి మెల్లగా ఒక చిన్న సంగతి చెప్పాడు. ఆ శాంతయ్య అనే పిల్లవాడు మంచివాడేనట, కాదనడం లేదు. వాడికి దొడ్డివైపు పంచలో వేరే బల్ల వేయించాడు, నీడగా ఉంటుంది, కిటికీలోంచి అన్నీ కనపడతాయి, అన్నీ వినపడతాయి. ఇంట్లో ఆడవాళ్ళున్నారు, పూజలున్నాయి, అయ్యవారు తప్పుగా అనుకోకూడదు.

అయ్యవారు తప్పుగా అనుకున్నట్టేమీ కనపడలేదు. కోటు జేబులోంచి కొలత టేపు తీసి వీధి వాకిలి దగ్గరికి పోయాడు. నగిషీలు చెక్కిన టేకు వాకిలి అది. ఆ కొసా ఈ కొసా పట్టి కొలిచాడు. ఇంకోసారి కొలిచాడు.

“ఇరుకు” అన్నాడు.

నాయుడికి అర్థం కాలేదు. “ఏంది అయివారూ ఇరుకు? జోడెడ్లు పడతాయి గదా ఈ వాకిట్లో.”

“ఎడ్లు పడతాయి నాయుడు గారూ. నా క్లాసు పట్టదు. అయిదుగురు పిల్లోళ్ళుంటే నలుగురే పడతా ఉండారు.”

టేపు చుట్టి జేబులో వేసుకున్నాడు. నాయుడికి నమస్కారం పెట్టి, చెప్పులు వేసుకుని వీధిలోకి దిగాడు. శాంతయ్య వీధి అవతల నిలబడి ఎదురింటి కిటికీలు లెక్కపెట్టుకుంటున్నాడు. ఏమైంది అయివారూ అని వాడు అడిగితే, వాకిలి కొలత సరిగా లేదు నాయనా, పోదాం పద అన్నాడు. శ్రీనివాసులూ మిగతా ఇద్దరూ ఒకరి వెనక ఒకరు వాళ్ళతో నడిచారు.

ధనంజయ హాలు మధ్యలో నిలబడిపోయాడు. వాడికి చంద్రకాంతమ్మ గుర్తొచ్చింది. దొడ్డివైపు పిలిచి మాట్లాడిన ఆ సాయంత్రం గుర్తొచ్చింది. గాలి లేదన్న గదిలో గాలి ఉండటం గుర్తొచ్చింది. ఇన్నాళ్ళుగా తాము నవ్వుకుంటున్న ఇసక హాలు, అందరికీ కలిపి ఒకటే వాకిలి, ఎందుకు కట్టారో ఆ నిమిషాన వాడికి తెలిసింది. సిగ్గుతో వాడి చెవులు ఎర్రబడ్డాయి. చుట్టూ కొత్త బల్లలు, కొత్త కాగితం. అయ్యవారు పోతే పోనీ, పట్నం నుంచి ఇంకో మనిషిని పిలిపిస్తానన్నాడు తండ్రి. వాడు కదిలేసరికి, “పోతే పో. సీటు రాకపోతే మాత్రం మండీలో కూసోవాల. మల్లీ ఏడ్సొద్దు” అన్నాడు. ధనంజయ ఆ మాట విని, భయపడి, అయినా పోయాడు.

ఏట్లో అయ్యవారు అప్పటికే పడమటి గోడ కడుతున్నాడు. ధనంజయ వాకిట్లోంచి లోపలికి వచ్చి, ఆయన పక్కన నిలబడ్డాడు. మీరు ఈ బడి ఇక్కడికి ఎందుకు తెచ్చారో నాకు ఇప్పుడు తెలిసింది అన్నాడు.

“గాలి కోసం” అన్నాడు అయ్యవారు. “నీ కాలు జరుపు, గోడ మీద ఉండాది.”

ఆ తర్వాత ఆ సంగతి ఎన్నిసార్లు కదిపినా గాలి అనే అన్నాడు. శాంతయ్యను అడుగుదామనుకున్నాడు గానీ, వాడు అప్పుడే సత్రానికి కిటికీ మరిచిపోయి మళ్ళీ కట్టే పనిలో ఉన్నాడు. వాడికి తెలుసో తెలియదో ధనంజయకు అంతు పట్టలేదు. ఆ రోజు నుంచి ధనంజయ వాకిలి కట్టే పని ఎవరికీ ఇవ్వకుండా తానే చేశాడు. నాలుగడుగులు చాలునని అయ్యవారు చెప్పినా కాస్త వెడల్పుగానే పెట్టేవాడు.

పరీక్షకు రెండు వారాల ముందు అయ్యవారు ఎక్కడినుంచో పాత కాగితాలు తెచ్చాడు. ఒక పక్క సంస్థానం లెక్కలు, ఇంకో పక్క తెలుపు. ధనంజయ పెన్సిలు పట్టాడు. గీత తిన్నగా పోయింది. గది గీస్తే గదిలా ఉంది, అందులో ఎంత దూరం నడవాలో కాళ్ళకు తెలుసు, కూర్చుంటే గోడ ఎంత ఎత్తున కనపడుతుందో మెడకు తెలుసు. వాడు ఆశ్చర్యంతో అయ్యవారి వైపు చూశాడు. ఆయన మాత్రం పెన్సిలు కిటికీలోంచి దూకిందని కోప్పడ్డాడు.

పట్నంలో పరీక్షకు ధనంజయా శాంతయ్యా కలిసి పోయారు. రైలుస్టేషనులో ప్రయాణీకులు కాచుకునే గది, లోపల కూర్చున్న మనిషికి కనపడేట్టు గీయమన్నారు. చుట్టూ కూర్చున్న పట్నం కుర్రాళ్ళు వెంటనే స్తంభాలూ గడియారాల గోపురాలూ ఎత్తడం మొదలుపెట్టారు. వీళ్ళిద్దరూ లేచి, బల్లల మధ్య సందులో మెల్లగా నాలుగడుగులు వేసి, ఒక మలుపు తిరిగి, వచ్చి కూర్చున్నారు. కాపలా తిరుగుతున్న సారు ఏం చేస్తున్నారని అడిగాడు.

“లోపలికి పోతా ఉండాం సార్” అన్నాడు శాంతయ్య.

ఆ సారు ఏదో రాసుకున్నాడు. అది మంచిదో చెడ్డదో అని ఇద్దరూ తిరుగు రైల్లో వడమాలపేట దాకా తలచుకుంటూనే వచ్చారు. అక్కడ శాంతయ్య ఉన్నట్టుండి, ఈసారి కిటికీలు మరిచిపోలేదన్నాడు. ఎన్ని పెట్టావని ధనంజయ అడిగితే, ఎక్కువే పెట్టినా, ఆనుకోడానికి గోడ మిగల్లేదన్నాడు.

ఫలితాలు చూసి తంతి కొట్టడానికి పట్నంలో నాయుడికి తెలిసిన వకీలు ఒకాయన ఉన్నాడు. రెండు పేర్లు చూడమని ధనంజయ ఆయన్ని బతిమాలి వచ్చాడు. తండ్రి వాడితో మాట్లాడటం మానేశాడు, ఏదైనా చెప్పవలసి వస్తే జీతగాడితో చెప్పించేవాడు. ఇంట్లో కూర్చోలేక ధనంజయ రోజూ ఏట్లోకే పోయి కూర్చునేవాడు. శాంతయ్యా అక్కడే ఉండేవాడు. అయ్యవారు వాణ్ణి వాకిట్లో కూర్చోబెట్టి, గుమ్మంలోంచి ఏటి గట్టు ఎలా కనపడుతుందో గీయమన్నాడు. గీయి, కాచుకునేటప్పుడు చేతులు ఖాళీగా ఉండకూడదన్నాడు.

ఒకరోజు పొద్దున గట్టు మీద జట్కా ఆగింది. ఏకాంబరం నాయుడు దిగాడు. చేతిలో తంతి కాగితం. చెప్పుల సంగతి మరిచిపోయి ఇసకలోకి దిగాడు, భుజం మీది కండువా జారుతున్నా చూసుకోకుండా కొడుకు వైపు అడ్డంగా పరుగు తీశాడు. ధనంజయ లేచి నిలబడ్డాడు. నాయుడు ఉత్తరపు గోడ దాకా వచ్చి కాలెత్తాడు.

“నాయుడు గారూ, గోడ” అన్నాడు మునిరామయ్య.

నాయుడి కాలు గాల్లో ఆగిపోయింది. నేల మీద చూస్తే ఒట్టి గీత. ఎదురుగా చూస్తే ఎవరి మొహంలోనూ నవ్వు లేదు. అవతల నాగులమ్మ ఎనుమును నిలబెట్టుకుని చూస్తోంది. ఆ ఎనుము కూడా గోడకు అవతలే ఉంది. ఆయన ఆ కాలు వెనక్కు తీసుకుని బయటే పెట్టాడు.

“వాకిలి యాడ?” అన్నాడు.

తూర్పున అని అందరూ ఒకేసారి చెప్పారు. నాయుడు ఎనుము తొక్కి తొక్కి చేసిన దారిలో హాలంతా చుట్టు తిరిగి వచ్చాడు. వాకిట్లో శాంతయ్య పలక ఒళ్ళో పెట్టుకుని ఉన్నాడు. ఆయన్ని చూసి అలవాటు చొప్పున పక్కకు తప్పుకోబోయాడు. నువ్వు లేస్తే బొమ్మ చెడుతుంది, కూర్చో అన్నాడు అయ్యవారు. వాడు కూర్చున్నాడు. నాయుడు కండువా దగ్గరికి లాక్కుని, ఒక క్షణం ఆగాడు. తర్వాత, ఏ ఇంటికి పోయినా చేసేట్టే, వాకిలి బయట చెప్పులు విడిచాడు. శాంతయ్య భుజం పక్కనుంచి, కండువా వాడికి తగులుతూనే, లోపలికి వచ్చాడు. ఉన్నది ఒకటే చాప. దాని మీద కూర్చుని, వగరుస్తూ తంతి విప్పాడు.

“ధనంజయకు సీటొచ్చింది” అని చదివి ఆగాడు.

“ఇంగెవురన్నా ఉండారా అందులో?” అన్నాడు అయ్యవారు.

నాయుడు కాగితం వైపే చూస్తూ, “శాంతయ్యకు గూడా” అన్నాడు. తర్వాత తలెత్తి, వాకిట్లో కూర్చున్నవాడి వైపు చూసి అదే మాట ఇంకోసారి, కాస్త గట్టిగా చెప్పాడు. శాంతయ్య పలక కింద పడేసి ఏం చెయ్యాలో తెలియక నమస్కారం పెట్టాడు. ధనంజయ సంతోషం పట్టలేక ఏడ్చేశాడు. అయ్యవారు మాత్రం తూర్పు గోడ చెదిరిందేమోనని వంగి చూసుకున్నాడు. ఆయన కళ్ళు తుడుచుకుంటున్నాడని శ్రీనివాసులు తర్వాత చెప్పాడు గానీ, శ్రీనివాసులు మాట ఎప్పుడూ పూర్తిగా నమ్మడానికి లేదు.

నాయుడు చాప మీదనుంచి అప్పుడే లేవలేదు. కండువాతో చెమట తుడుచుకుని, లేని గోడల వైపు నాలుగు పక్కలా కలయజూశాడు. ఏటి మీదనుంచి చల్లగా గాలి వీస్తోంది.

“గాలి బాగా వస్తా ఉండాది అయివారూ ఈడ” అన్నాడు.

“కిటికీలు శాంతయ్య పెట్టినాడు” అన్నాడు మునిరామయ్య.